సీట్లు సరే, పడకలెన్ని?

నర్సీపట్నం దగ్గర మాకవరపాలెంలో 2022 డిసెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలకు శంకుస్థాపన జరిగింది. అంచనా 500 కోట్ల రూపాయలు. రాష్ట్రంలో తలపెట్టిన 17 కొత్త కళాశాలల్లో అదొకటి. విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో 2023లోనే తరగతులు మొదలయ్యాయి. మరుసటి ఏడాది 50 సీట్లతో పాడేరు చేరింది. నర్సీపట్నం వంతు రాకముందే ప్రభుత్వం మారింది. మిగిలినవాటిలో పది కళాశాలలను పీపీపీ పద్ధతిలో, అంటే ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని 2025 సెప్టెంబరులో మంత్రివర్గం నిర్ణయించింది. అక్టోబరులో మాజీ ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి మాకవరపాలెం వచ్చి సగంలో ఆగిన భవనాల ముందు నిలబడి మాట్లాడారు. కోటి సంతకాల ఉద్యమం నడిచింది. ఇది ప్రైవేటుకు ధారాదత్తం చేయడమని ఒకరు, డబ్బు లేక ఆగిన పనిని పూర్తి చేసే దారి ఇదేనని మరొకరు వాదించారు. చర్చంతా భవనం ఎవరిది, సీటు ధరెంత అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది. అక్కడ చేరే పిల్లలు ఏ రోగుల దగ్గర పని నేర్చుకుంటారన్నది మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. వైద్య విద్య బజారులో అమ్ముడుపోయేది సీటు. జనానికి కావలసింది పనితనం. ఆ పనితనం తయారయ్యేది రోగి పడక దగ్గర. మన ప్రాంతంలో పేద, మధ్యతరగతి రోగులతో నిండి ఉండే పడకల్లో చాలా భాగం ధర్మాసుపత్రులవే. ఈ సంగతి పక్కనబెట్టి సీట్లు ఎన్ని పెంచినా అది నేల విడిచిన సామే.

బజారు ఎలా నడుస్తుందో అనకాపల్లి వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. బెల్లం యార్డులో దిమ్మ ఎదురుగానే ఉంటుంది. వర్తకుడు రంగు చూస్తాడు, గట్టిదనం చూస్తాడు, కొస విరిచి నోట్లో వేసుకుంటాడు, ఆ తర్వాతే ధర చెబుతాడు. అంతటి అనుభవం ఉన్నవాళ్ల మధ్య కూడా హైడ్రోస్ అనే రసాయనం కలిపి మెరుగు తెచ్చిన బెల్లం ఎక్కువ ధర పలికిన రోజులున్నాయి. కళ్లెదుట ఉండే సరుకులోనే మెరుపు చూసి మోసపోయే వీలుంటే, నాలుగైదేళ్ల తర్వాత తప్ప రుచి తెలియని చదువు సంగతేమిటి? కొనేది పద్దెనిమిదేళ్ల బిడ్డ తల్లిదండ్రులు. వాళ్లకు కనిపించేది భవనం, బస్సు, హాస్టలు, ఫ్లెక్సీ మీద ఉద్యోగం గ్యారంటీ అన్న మాట. వార్డులో రోగులున్నారా, పాఠం చెప్పే మనిషి నిజంగా వస్తాడా అన్నది వాళ్లకు తెలిసే దారి లేదు. ఆ చదువు నాసిదైతే చివరికి నష్టపోయేది ఎక్కడో పడక మీద ఉన్న రోగి. బేరం జరిగినప్పుడు ఆ రోగి అక్కడ లేడు. వైద్యం మామూలు సరుకులాంటిది కాదనీ, కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య తెలివిడిలో ఉన్న తేడా వల్ల ఇక్కడ పోటీ ఒక్కటే నాణ్యతను తీసుకురాలేదనీ ఆర్థికవేత్త కెనెత్ ఆరో 1963లోనే సిద్ధాంతీకరించాడు. వైద్యం నేర్పే వ్యాపారానికి ఆ మాట రెండింతలు వర్తిస్తుంది, ఎందుకంటే ఇక్కడ సొమ్ము కట్టేవాడు, సరుకు తీసుకునేవాడు, ఫలితం అనుభవించేవాడు ముగ్గురూ వేరు.

లెక్క వేసి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 100 ఎంబీబీఎస్ సీట్ల కళాశాలకు 420 పడకల ఆసుపత్రి ఉండాలని జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలు చెబుతున్నాయి. 50 సీట్లకైతే 220 పడకలు. ఉంటే చాలదు, వాటిలో ఎక్కువ భాగం రోగులతో నిండి ఉండాలి. నర్సింగ్‌లో ఒక్కో విద్యార్థినికి ముగ్గురు రోగుల చొప్పున లభించాలని నర్సింగ్ కౌన్సిల్ నియమం. కాన్పుల సంగతే తీసుకుందాం. ఇన్ని సాధారణ కాన్పులు స్వయంగా చేసినట్టు విద్యార్థిని లాగ్‌బుక్కులో సంతకాలతో సహా ఉండాలి. మనిషికి పదే అనుకున్నా 40 మంది బ్యాచికి 400 సాధారణ కాన్పులు కావాలి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం కాన్పుల్లో సుమారు 42 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అవి 63 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 27 శాతానికి కాస్త అటూ ఇటూ. అంటే, ప్రైవేటు ఆసుపత్రికి అనుబంధంగా నర్సింగ్ చదివే అమ్మాయి నొప్పులు పడుతున్న తల్లి పక్కన గంటల తరబడి కూర్చుని, గర్భద్వారం ఎంత తెరుచుకుందో, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటుందో పార్టోగ్రాఫ్ మీద గీసుకుంటూ సహజ కాన్పు నేర్చుకునే అవకాశం ఆసుపత్రి వ్యాపార పద్ధతి వల్లే తగ్గిపోతోంది. అక్కడ ఆమె ఎక్కువగా చూసేది ఆపరేషన్ థియేటరే. అవకాశం లేనప్పుడు లాగ్‌బుక్కు మాత్రం ఎలాగోలా నిండుతుంది. ఏ పల్లెలోనో అర్ధరాత్రి ఆమె చేతికి మొదటి కాన్పు వచ్చినప్పుడు ఆ సంతకాలు ఎందుకూ పనికిరావు.

ఈ సంగతి మన పూర్వులకు తెలుసు. విశాఖ వైద్య కళాశాల, అంటే ఇప్పటి ఆంధ్ర మెడికల్ కాలేజీ, 1923లో మొదలైతే దాని పక్కనే కింగ్ జార్జ్ ఆసుపత్రి నిలిచింది. ఈ రెండూ ఒకే శరీరంలా వందేళ్లు నడిచాయి. అనకాపల్లి, చోడవరం, మాడుగుల జనం ఇప్పటికీ పెద్దాసుపత్రి అంటే కేజీహెచ్చే అనుకుంటారు. వాళ్ల జబ్బులే ఆంధ్ర మెడికల్ కాలేజీ విద్యార్థులకు పాఠాలయ్యాయి. ఆ విద్యార్థుల్లో చాలామంది అమెరికాలో, బ్రిటన్‌లో పేరున్న డాక్టర్లయ్యారు. ప్రైవేటు చొరవ కూడా మనకు కొత్త కాదు. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958లో, వరంగల్ కాకతీయ కళాశాల 1959లో ప్రభుత్వేతర సంఘాల పూనికతో, దాతల విరాళాలతోనే పుట్టాయి. అయితే రంగరాయ విద్యార్థులు వైద్యం నేర్చుకున్నది కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో. భవనానికి దాతలు డబ్బిచ్చారు, పడకలు సర్కారువి. కొన్నాళ్లకు ఆ కళాశాలలు రెండూ ప్రభుత్వం చేతికే వచ్చాయి. కాబట్టి ప్రైవేటు అనగానే ఉలిక్కిపడాల్సిన పని లేదు. ఎవరి సొమ్ము దేనికి ఖర్చయింది, వార్డు మీద మాట ఎవరిది అన్నదే చూడాలి.

ఆ తర్వాతి కథ వేరు. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో చట్టం తెచ్చిందంటే అప్పటికే సీటు సరుకైపోయిందన్నమాట. 1992లో ప్రైవేటు వైద్య, దంత కళాశాలలకు ఇచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టేసింది, ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దన్‌రెడ్డి పదవి వదులుకోవలసి వచ్చింది. ఒక ముఖ్యమంత్రి కుర్చీ కదిలేంత డబ్బు ఈ బజారులో ఉందని తెలుగు జనానికి అప్పుడే తెలిసింది. మన రాష్ట్రం పేరుతోనే నడిచిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 1993లో ఫ్రీ సీటు, పేమెంటు సీటు విధానం తెచ్చింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు దాన్ని పక్కనబెట్టింది. మళ్లీ 2022 నవంబరులో, ఫీజును ఒక్కసారిగా ఏడాదికి 24 లక్షలకు పెంచుతూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును హైకోర్టు కొట్టేయడాన్ని సమర్థిస్తూ, విద్య లాభాలు గడించే వ్యాపారం కాదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ మరుసటి ఏడాదే ప్రభుత్వ కొత్త కళాశాలల్లో సైతం రాష్ట్ర కోటాలో 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై కోటా పేరుతో మరో 15 శాతానికి 20 లక్షలు ఫీజు పెట్టారు. నాలుగున్నరేళ్ల కోర్సుకు 12 లక్షల సీటంటే అరకోటి దాటుతుంది. కాబట్టి ప్రభుత్వ కళాశాల, పీపీపీ కళాశాల అని ఇప్పుడు గీస్తున్న గీత అనుకున్నంత లోతైనదేం కాదు. ఫీజు వసూలులో రెండూ ఒకే దారి పట్టాయి. తేడా మిగిలితే అది ఆసుపత్రి విషయంలోనే మిగలాలి.

నాణ్యతను కాపాడే పని తనిఖీలకు అప్పగించాం. వచ్చిన చిక్కేమిటంటే, తనిఖీ అధికారి కూడా ఎక్కువగా కళ్లకు కనిపించేదే లెక్కపెడతాడు. గదులు, కుర్చీలు, పుస్తకాలు, హాజరుపట్టీలో పేర్లు. భారత వైద్య మండలిని అవినీతి ఆరోపణల మధ్య 2010లో ఒకసారి రద్దు చేశారు. చివరికి 2020లో దాని స్థానంలో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. 2025లో సీబీఐ పెట్టిన కేసులో ఆరోపణలు మళ్లీ అవే. తనిఖీ ఎప్పుడన్నది ముందే తెలిసిపోవడం, లేని అధ్యాపకులను ఆ ఒక్కరోజు నిలబెట్టడం, పడకల మీద ఉత్తుత్తి రోగులను పడుకోబెట్టడం. సంస్థ పేరు మారినా జబ్బు మారలేదంటే, కొలిచే వస్తువునే మార్చాలి. దేశంలో వైద్య కళాశాలలు 2014లో 387 ఉంటే పదేళ్లలో 780 అయ్యాయి, ఎంబీబీఎస్ సీట్లు 51 వేల నుంచి లక్షా 12 వేలు దాటాయి. ఆ పెరుగుదల చిన్నదేం కాదు, కావలసిందే. అయినా గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండవలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం కొరత ఉందని కేంద్ర ఆరోగ్యశాఖ గణాంకాలే చెబుతూ వచ్చాయి. సీట్లు పెరిగిన చోటికీ, మనుషులు కావలసిన చోటికీ మధ్య వంతెన కట్టే పని బజారు తనంతట తానుగా చేయలేదు.

ఇక్కడ సీటు దొరకని, కొనలేని పిల్లలు ఫిలిప్పీన్స్, రష్యా, కిర్గిజ్‌స్థాన్, జార్జియా దారి పట్టారు. ఉక్రెయిన్ యుద్ధం 2022లో వేల మందిని చదువు మధ్యలో వెనక్కి తెచ్చింది. 2021 నవంబరులో మన నిబంధనలు మారడంతో ఫిలిప్పీన్స్ బీఎస్ కోర్సులో ఉన్నవాళ్లు ఇరుక్కుపోయారు. విదేశాల్లో చదివి వచ్చినవాళ్లకు పెట్టే ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో చాలాసార్లు నాలుగైదుగురిలో ఒక్కరే గట్టెక్కుతున్నారు. ఆ పిల్లలకు తెలివి లేక కాదు. చాలాచోట్ల వాళ్లకు భాష రాని వార్డులు, వాళ్లను తాకనివ్వని రోగులు. అదే ఫిలిప్పీన్స్ నర్సింగ్‌లో నేర్పిన పాఠం మనకు ఇంకా పనికొస్తుంది. 2000 తర్వాత అమెరికా, బ్రిటన్‌లలో గిరాకీ చూసి అక్కడ నర్సింగ్ స్కూళ్లు కుప్పలుతెప్పలుగా వెలిశాయి. డాక్టర్లు కూడా మళ్లీ నర్సింగ్ చదివి విమానమెక్కారు. ఆసుపత్రులు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. లైసెన్సు పరీక్షలో సగానికి పైగా తప్పే స్థితి వచ్చింది. విదేశీ గిరాకీ తగ్గేసరికి లక్షల్లో నర్సులు పని లేక మిగిలారు. అనుభవ పత్రం కోసం కొందరు ఆసుపత్రులకు తామే ఎదురు డబ్బు కట్టి పనిచేశారు. సీటు మీద నడిచిన బజారు ఎక్కడికి చేరుతుందో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

డాక్టర్ల మాట ఎత్తినంత సులువుగా నర్సుల, టెక్నీషియన్ల మాట మనం ఎత్తం. అనకాపల్లి లాంటి జిల్లాకు ముందు కావలసింది వాళ్లే. పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్, నక్కపల్లిలో రాబోతున్న బల్క్ డ్రగ్ పార్కు ఈ జిల్లాలోనివే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా కర్మాగారంలో పేలుడుకు 17 మంది చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో కోటవురట్ల మండలం కైలాసపట్నం బాణసంచా కేంద్రంలో మరో ఎనిమిది మంది. ఒళ్లు కాలిన మనిషిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు మొదటి గంటల్లో జరగాల్సిన పని చూడండి. శరీరంలో ఎంత శాతం కాలిందో అంచనా వేయాలి. బరువును బట్టి, కాలిన శాతాన్ని బట్టి సెలైను లెక్కగట్టి, అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే ఎక్కించాలి. కాలని చర్మం ఎక్కడుందో వెతికి, రక్తపోటు పడిపోయి కుంగిన నరంలోకి సూది దించాలి. గంటగంటకూ మూత్రం కొలవాలి. ఇందులో చాలా భాగం నర్సు చేతిలో పని. పుస్తకం చదివితే రాదు, బొమ్మ మీద నేర్చుకుంటే సగమే వస్తుంది. ఇంత పని చేసే మనిషికి మన బజారు కట్టే ధర ఎంత? యాభై పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు కనీసం 20 వేలు ఇవ్వాలని, సుప్రీంకోర్టు 2016 తీర్పుతో ఏర్పడిన కమిటీ చెప్పింది. చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల్లో ఆ జీతం అందుకునేవాళ్లు అరుదు. జీతం పెరగని చోట ఏ తండ్రీ మంచి చదువుకు ఎక్కువ ఖర్చు పెట్టడు, సర్టిఫికెట్టు తొందరగా, తక్కువలో వస్తే చాలనుకుంటాడు. అలా నాసి చదువుకు గిరాకీ పుడుతుంది. అది ఆ కుటుంబం తప్పనడం అన్యాయం.

వైద్య విద్యను ప్రభుత్వాసుపత్రి వార్డులతో ముడిపెట్టాలంటే ప్రభుత్వం దగ్గర డబ్బెక్కడిది అన్నది మొదటి అభ్యంతరం. నిజమే, ఒక వైద్య కళాశాలకు ఐదు వందల కోట్లు చిన్న మొత్తం కాదు. ప్రైవేటు కళాశాలలు లేకపోతే తెలుగు రాష్ట్రాల్లో ఇంతమంది డాక్టర్లు తయారయ్యేవారే కాదన్నదీ నిజమే. కానీ ఖర్చంతా భవనానిదే అనుకోవడం వల్ల ఈ లెక్క భయపెడుతోంది. ఉన్న ప్రభుత్వ వైద్య కళాశాలలను ఆనుకుని 157 నర్సింగ్ కళాశాలలు పెట్టడానికి కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఆమోదించిన మొత్తం 1,570 కోట్లు, అంటే కళాశాలకు పది కోట్లు. ఆసుపత్రి, అధ్యాపకులు, ప్రయోగశాలలు అప్పటికే ఉన్నచోట చదువు చేర్చడం అంత చవక. లాన్సెట్ పత్రిక నియమించిన కమిషన్ 2010లో చెప్పినదాని ప్రకారం, ప్రపంచమంతా వైద్యరంగ సిబ్బంది చదువుకు పెట్టే ఖర్చు ఏడాదికి సుమారు పది వేల కోట్ల డాలర్లు. ఆరోగ్యం మీద పెట్టే మొత్తంలో అది రెండు శాతం కూడా లేదు. మనుషుల చేతుల మీద నడిచే రంగం ఆ చేతులను తయారుచేయడానికి ఇంత తక్కువ పెట్టడం నాకు సబబుగా తోచదు. ప్రైవేటు భాగస్వామి భవనం కడతానంటే కట్టనివ్వండి. వార్డు, అందులో చదువు, రోగికి ఇచ్చే ఉచిత వైద్యం ప్రజల చేతిలో ఉంచడం ఆ బేరంలో వదులుకోకూడని అంశం.

ధర్మాసుపత్రులు మాత్రం ఏం సవ్యంగా ఉన్నాయి, అక్కడా పాఠం చెప్పేవాళ్లు రారు కదా అన్నది రెండో మాట. ఇది గట్టి మాట. దాన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు. నిండిన వార్డు ఉన్నా నేర్పే మనిషి లేకపోతే విద్యార్థి నేర్చుకునేది తప్పులే. అయితే నాసిగా నేర్పే కళాశాలకు పిల్లలు రాక అదే మూతపడుతుందని బజారును నమ్ముకోవడం దీనికి విరుగుడు కాదు. ఇంజినీరింగ్ కళాశాలల విషయంలో ఆ సర్దుబాటు ఎన్నేళ్లు పట్టిందో, ఎన్ని బ్యాచిలు నష్టపోయాయో చూశాం. అక్కడ పోయింది ఉద్యోగం, ఇక్కడ పోయేది ప్రాణం. విరుగుడు ఫలితాన్ని కొలవడంలో ఉంది, కొలవవచ్చని రుజువు కూడా ఉంది. పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో మన ఆర్‌ఎంపీల్లాంటి పల్లె వైద్యులకు తొమ్మిది నెలల పాటు 150 గంటల శిక్షణ ఇచ్చి, ఆ తర్వాత రోగుల్లా నటించడానికి తర్ఫీదు పొందినవాళ్లను వాళ్ల దగ్గరకు పంపి వైద్యం ఎలా చేస్తున్నారో పరీక్షించారు. 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, సరైన వైద్యం చేయడంలో వాళ్లకూ ప్రభుత్వ డాక్టర్లకూ ఉన్న అంతరం దాదాపు సగానికి తగ్గింది. యాంటీబయాటిక్కులు అనవసరంగా రాసే అలవాటు మాత్రం తగ్గలేదు. శిక్షణ దేన్ని మార్చిందో, దేన్ని మార్చలేదో రెండూ తెలిశాయి. ఏ తనిఖీ నివేదికా ఇంత నిజం చెప్పలేదు.

చదివించాక వీళ్లు ఇక్కడ ఉంటారా, జర్మనీకో అమెరికాకో పోతారు కదా, పన్ను కట్టేవాడి సొమ్ము ఎందుకు అన్నది మూడో అభ్యంతరం. పోయేవాళ్లు పోతారు. ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి సంస్థే నర్సులకు జర్మన్ నేర్పి పంపుతోంది. ఇంటికి డబ్బు పంపే ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు. ఎవరు ఉండిపోతారన్నది కూడా కొంతవరకు ముందే తెలుస్తుంది. పల్లెలో పుట్టి పెరిగినవాళ్లు, పల్లెకు దగ్గరగా చదివినవాళ్లు పల్లెలో పనిచేసే అవకాశం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అనేక దేశాల అనుభవం ఆధారంగా చెప్పింది. రోలుగుంట, రావికమతం, చీడికాడ మండలాల్లోని కొండ ఊళ్ల నుంచి ఇప్పటికీ గర్భిణులను డోలీలో మోసుకొస్తున్నారు. ఆ ఊళ్ల అమ్మాయిలకు నర్సీపట్నంలోనే చదువు చెబితే వచ్చే ఫలితం, నగరంలో అరకోటి పెట్టి సీటు కొన్నవాళ్ల నుంచి ఆశించలేం. తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడ్పాటుతో కరీంనగర్‌లో 30 మంది ప్రభుత్వ నర్సులను ఎంచుకుని పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చారు. ప్రభుత్వాసుపత్రి వార్డులు, సంస్థ నైపుణ్యం, సర్కారు ఉద్యోగం మూడూ ఒకచోట కలిశాయి. భాగస్వామ్యం అంటే అలాంటిది కూడా కావచ్చు.

నర్సీపట్నం కళాశాల ఎవరి చేతుల మీదుగా లేచినా, అది లేచేదాకా ఆగనక్కర్లేని పనులున్నాయి. అనకాపల్లి ఎన్టీఆర్ ఆసుపత్రి, నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి ఇప్పుడే పనిచేస్తున్నాయి. నర్సింగ్, ల్యాబ్, అనస్తీషియా, డయాలసిస్ టెక్నీషియన్ చదువులను ముందుగా వాటికి అనుబంధించి, జిల్లాలోని 24 మండలాల పిల్లలకు కోటా కేటాయించి, నేర్పే సీనియర్ సిస్టర్లకు ఆ పనికి విడిగా జీతం చేర్చి మొదలుపెట్టవచ్చు. కళాశాల ఒప్పందం రాసేటప్పుడు సీట్ల సంఖ్య పక్కనే నిండిన పడకల సంఖ్య, ఏడాదికి విద్యార్థికి అందే సాధారణ కాన్పుల సంఖ్య, నిజంగా వార్డులో నిలబడి పాఠం చెప్పే అధ్యాపకుల సంఖ్య కూడా రాయాలి. వాటిని ఏటా కౌన్సెలింగ్‌కు ముందు, తండ్రి ఫీజు కట్టేలోపే, తెలుగులో ప్రకటించాలి. ప్రైవేటు నర్సింగ్ కళాశాలలకూ ఇదే నియమం పెట్టాలి. ఆ అంకెలు చూపించలేని కళాశాలకు మరుసటి ఏడాది సీట్లు తగ్గించే అధికారం ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి, నర్సింగ్ కౌన్సిళ్లకు ఉండాలి. ఆ అధికారాన్ని వాడే ధైర్యం ప్రభుత్వానికి ఉండాలి. మాకవరపాలెం టెండరు కాగితాల్లో ఈ అంకెలకు చోటు ఉందా లేదా అని అడగడానికి ఏ పార్టీ జెండా పట్టుకోనక్కర్లేదు. ఒప్పందం మీద సంతకాలు పడకముందే అడగాలి.